మాటల గోత్రం అడిగినవాడు

జనగామలో నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లకు ఒక కథ గుర్తుండే ఉంటుంది. పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలను వాటి లాటిన్ మూలాలతో పట్టుకోవడం నేర్పేవాణ్ని కదా, మూలం కలిసినట్టు కనబడగానే తొందరపడకూడదని చెప్పే రోజున ఆ కథ తప్పకుండా వచ్చేది. తండా నుంచి వచ్చిన నా స్నేహితుడొకడు, తల్లికి మడమ నొప్పి పుడితే ఆమెను పీడియాట్రిషన్ దగ్గరికి తీసుకుపోయాడు. ‘పెడ్’ అంటే పాదం. పెడస్ట్రియన్ అంటే నడిచిపోయేవాడు, పెడల్ అంటే పాదంతో తొక్కేది. కాబట్టి పీడియాట్రిషన్ అంటే కాళ్ల డాక్టరు అనుకున్నాడు పాపం. తీరా చూస్తే అది పిల్లల డాక్టరు, అక్కడంతా చంటిపిల్లలు. క్లాసు పడిపడి నవ్వేది. వెనక వరసవాళ్లు బల్లలు చరిచేవాళ్లు.

ఆ కథలో మడమ నొప్పి నిజం, డాక్టరు నిజం, చంటిపిల్లలు నిజం. తీసుకుపోయినవాడు మాత్రం స్నేహితుడు కాదు, నేను. నా క్లాసుకు పేరు తెచ్చిన పద్ధతి, ‘మాటల గోత్రాలు’ అని మీరంతా చెప్పుకునే పద్ధతి, నాది కాదు, ఆ స్నేహితుడిది. ఇన్నేళ్లూ అతని తెలివి నేను తీసుకుని నా తెలివితక్కువతనం అతనికి ఇచ్చాను. దానివల్ల ఆ మనిషి చివరికి కన్న కూతురి ముందు అబద్ధాలకోరు కావలసి వచ్చింది. ఎట్లా జరిగిందో మొదటి నుంచి చెబుతాను.

డిగ్రీ అయిపోయాక రఘునాథపల్లి దగ్గరి మా ఊరి నుంచి జనగామ వచ్చి, స్టేషన్ వెనక వీధిలో ఒక గది తీసుకున్నాను. బ్యాంకు పరీక్షలు రాయాలని. రేకుల గది. పెద్ద రైలు పోయినప్పుడల్లా గోడకు తగిలించిన అద్దం వణికేది, సగం గీసుకున్న గడ్డంతో రైలు పోయేదాకా ఆగేవాణ్ని. గదిలోకి ఇంకొకరు కావాలని చాయ్ హోటల్లో చెప్పి పెట్టాను. ఒకరోజు పొద్దున ఒక మనిషి భుజాన బియ్యం మూట, చేతిలో కిరోసిన్ స్టవ్వుతో గుమ్మం ముందు నిలబడ్డాడు. వాళ్లది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. అక్కను కొడకండ్ల వైపు ఇచ్చారు. ఆ అక్క ఇంట్లో ఉండి జనగామలోనే డిగ్రీ చదివాడట. మూట దించకముందే అడిగాడు:

“అన్నా, నీ గోత్రం ఏంది?”

“గోత్రం ఎందుకు? గదికి కిరాయిదారు గావాలె గని నేనేం పిల్లనిస్తలేను.”

“అట్ల గాదన్నా. మా దాంట్ల ముందుగాల అదే అడుగుతరు. ఏమని పిలువాల్నో తెల్వాలె గద.”

నాకు నా గోత్రం తెలియదు. పెళ్లిళ్లలో అయ్యగారు అడిగితే మా బాపు చెప్పేవాడు, నేనెప్పుడూ చెవి పెట్టలేదు. తెలియదన్నాను. అతను సంబరపడ్డాడు.

“అయితే ఇంక మంచిదాయె. తెలిసేదాంక నువ్వు నాకు బావవి. ఒక్క గోత్రమైతే అన్నదమ్ములమయితం, పరాచికాలాడొద్దు. బావనైతే ఏమన్న అనచ్చు.”

అట్లా అతను నాకు బావ అయ్యాడు, నేను అతనికి బావనయ్యాను. నా గోత్రమేమిటో ఆ తర్వాత తెలుసుకున్నాను కానీ అతనికి చెప్పలేదు. అతనూ మళ్లీ అడగలేదు.

ఇద్దరం తెలుగు మీడియం. అతనికైతే ఆ తెలుగు కూడా బడికి పోయాక వచ్చిందే, ఇంట్లో వాళ్ల భాష వేరు. లెక్కలు మాకు భయం లేదు. ఇంగ్లీషులో మాటలకు సమానార్థాలు, వ్యతిరేకార్థాలు అడిగే పేజీ వచ్చేసరికి దాన్ని దాటేసి మళ్లీ లెక్కల పేజీకి తిప్పేవాళ్లం. కొన్నాళ్లు ఒక కోచింగుకు పోయాం. అక్కడి సారు కోస్తా నుంచి వచ్చినవాడు. “వచ్చినం సార్” అని మేమంటే “వచ్చినం” అని మా గొంతుతోనే తిరిగి అని క్లాసును నవ్వించేవాడు. ముందు తెలుగు నేర్చుకుని రండి, తర్వాత ఇంగ్లీషు చూద్దాం అన్నాడు ఒకసారి. ఆ వారమే మానేశాం. నలుగురూ నవ్వుతుంటే నిలబడడం ఎట్లా ఉంటుందో నాకు తెలియక కాదు అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

హనుమకొండలో పాత పుస్తకాల దుకాణం నుంచి ఒక లావుపాటి మాటల పుస్తకం తెచ్చుకున్నాం. ‘ఏ’ అక్షరం దగ్గర మొదలుపెట్టి ఎక్కాల్లా అప్పజెప్పడం. రైలు పట్టాల పక్కన అటు పోయేటప్పుడు అతను మాట చెబితే నేను అర్థం చెప్పాలి, ఇటు వచ్చేటప్పుడు నేను చెబితే అతను చెప్పాలి. ‘బీ’లోకి అడుగుపెట్టేసరికి ‘ఏ’ అంతా తుడిచిపెట్టుకు పోయేది. మళ్లీ మొదటికి.

“బావా, మనకు ‘ఏ’ అనేది అత్తగారి ఊరయింది. ఎన్నిసార్లు పోయినా మళ్లొక్కసారి పోవుడే,” అనేవాడు.

గదిలో బియ్యం అయిపోతే ఒకసారి అతని వెంట వాళ్ల తండాకు పోయాను. కాజీపేటలో బండి మారి మహబూబాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఆటో, ఆ తర్వాత నడక. ఇంటి ముందు మంచం మీద అతని నానమ్మ కూర్చుని ఉంది. చేతులకు మోచేతుల పైదాకా తెల్లటి గాజులు. నన్ను చూసి వాళ్ల భాషలో ఏదో అడిగింది. అతను నవ్వి, “నీ గోత్రం అడుగుతుంది. తెల్వదట అని చెప్పిన. తల్లిదండ్రులు లేని పిలగాడా అంటుంది,” అన్నాడు. అంతలో దారిన పోయే కొత్త మనిషి ఎవరో మంచినీళ్ల కోసం ఆగాడు. నీళ్ల చెంబు అందించకముందే ఆమె అదే ప్రశ్న వేసింది. ఆ మనిషి జవాబు చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. ఇద్దరూ ఎవరెవరి పేర్లో చెప్పుకుంటూ పోయారు. నీళ్లు తాగడం అయ్యేసరికి ఆ మనిషి ఆమెకు అల్లుడి వరస అయ్యాడు. ఆమె అతణ్ని ఆటపట్టిస్తోంది, అతను ముఖం దాచుకుంటున్నాడు. ఊరూ పేరూ తెలియని మనిషి కాసేపట్లో ఇంటి మనిషి అయిపోవడం నేను కళ్లారా చూశాను. చూసి ఊరుకున్నాను. నా స్నేహితుడు ఊరుకోలేదు.

తిరుగు ప్రయాణంలో కాజీపేట ప్లాట్‌ఫారం మీద ప్యాసింజరు కోసం కూర్చున్నాం. బియ్యం మూట మీద అతను, సిమెంటు బెంచీ మీద నేను. అతని చేతిలో ఆ లావు పుస్తకం. చివరి పేజీలు తిప్పుతున్నాడు. అక్కడ చిన్న అక్షరాలలో లాటిన్ మూలాల పట్టిక ఉంది. పరీక్షలో రాదని మేం ఎప్పుడూ చూడని పేజీలు.

“బావా, ‘స్పెక్ట్’ అంటే లాటిన్ల సూసుడట.”

“అయితే?”

“ఇన్‌స్పెక్టర్ ఏం జేస్తడు? లోపలికొచ్చి సూస్తడు. సస్పెక్ట్ అంటే? తలకాయ కిందికేసి కిందికెల్లి సూసుడు, అనుమానంతోని. రెస్పెక్ట్ అంటే మళ్లొకపారి ఎనకకు తిరిగి సూసుడు. పెద్దమనిషి పోతాంటే తిరిగి సూస్తం గదా, అది.” బియ్యం మూట మీద నుంచి లేచి నిలబడ్డాడు. “అరే బావా, అంత ఒక్క గోత్రపోల్లే! మనం పిచ్చోల్ల లెక్క ఒక్కొక్కని పేరు బట్టీ పడుతున్నం. మా నానమ్మ అడిగినట్టు అడగాలె వీండ్లను. ఓ పిలగా, నీ గోత్రమేందిరా అని.”

మేం ఎక్కాల్సిన ప్యాసింజరు వచ్చి పోయింది. ఇద్దరం చూడలేదు.

ఆ తర్వాత మా గది గోడ ఒక తండా అయింది. సుద్దముక్కతో అతనే గీశాడు. ఒక్కో మూలానికి ఒక్కో గుడిసె. చూసే గోత్రం, మోసే గోత్రం, విసిరే గోత్రం, నమ్మే గోత్రం, పిలిచే గోత్రం, పాదం గోత్రం. మోసే గుడిసెలో పోర్టరు, ట్రాన్స్‌పోర్టు, సపోర్టు. కింద నిలబడి మోస్తే సపోర్టు. విసిరే గుడిసెలో రిజెక్ట్, ఇంజెక్ట్, ప్రొజెక్టర్. నమ్మే గుడిసెలో క్రెడిబుల్, ఇంక్రెడిబుల్, ఎవరేం చెప్పినా నమ్మే క్రెడ్యులస్. ముందు వచ్చి అతుక్కునే ‘రీ’, ‘ప్రీ’, ‘ఎక్స్’ లాంటివి కోడళ్లు. వేరే ఇంటి నుంచి వచ్చి ఇంటి గుణమే మార్చేస్తాయి.

“గీ ‘రీ’ అనేటామె ఎన్ని ఇండ్లకు కోడలు బావా?” అన్నాను నేను.

“గట్ల అడగకు. మంచి ఇంటి ఆడపిల్ల,” అన్నాడు కోపం నటిస్తూ.

ఒక్కచోట అతనికి నిజంగానే చిక్కు వచ్చింది. ఇంక్లూడ్, ఎక్స్‌క్లూడ్ ఒకే గోత్రం. పరీక్షలో అవి ఒకదానికొకటి వ్యతిరేకం. సమాధానం గుర్తు పెట్టడానికి అతనికి చెయ్యి ఆడలేదు.

“ఒక్క గోత్రపోల్లు శత్రువులెట్ల అయితరు బావా?”

“మా ఊరికి రా. పొలం గెట్టు కాడ నిలబడు. ఎవలు శత్రువులో సూపిస్త.”

అతను చాలాసేపు నవ్వాడు. “మీ ఊరోల్లకు ఇంగ్లీషు జల్ది వస్తది,” అన్నాడు.

బజారులో కూడా ఇదే పని. బస్సులో కండక్టర్ దగ్గరికి రాగానే, “అన్నా, మీది తోల్కపోయే గోత్రం. కండక్ట్ అంటే అందర్ని కూడేసి తోల్కపోవుడు,” అన్నాడు ఒకసారి. ఆ కండక్టర్ అతణ్ని కిందికీ మీదికీ చూసి, “నాది టికెట్ గోత్రం. చిల్లర తియ్యి,” అన్నాడు. వారం రోజులు గదిలో అదే తలుచుకుని నవ్వుకున్నాం. ఇంగ్లీషు మాటలు అంత సంతోషాన్నిచ్చిన కాలం నాకు మళ్లీ రాలేదు. చదువుతున్నట్టే ఉండేది కాదు, ఎవరింటికో చుట్టపుచూపుగా పోయి వచ్చినట్టు ఉండేది.

ఆ రోజుల్లోనే మా అవ్వ, అంటే మా అమ్మ, మడమ నొప్పితో ఊరి నుంచి వచ్చింది. అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. బజారులో కొత్తగా ఒక డాక్టరు బోర్డు చూశాను, ఇంగ్లీషులో, పీడియాట్రిషన్ అని. గోడ మీద పాదం గుడిసె ఉంది కదా. నేను చదివిన చదువు మొదటిసారి ఇంటివాళ్లకు పనికివచ్చే రోజు వచ్చిందనుకున్నాను. స్నేహితుడు అప్పుడు గదిలో అన్నం వండుతున్నాడు.

“జర ఎవల్నన్న అడిగి పో బావా. పేరు కలిసినంత మాత్రాన గోత్రం ఒక్కటి గాదు. మేం గుడ అడగకుంట చుట్టరికం కలుపుకోం,” అన్నాడు.

“నీ తండా మాటలు నీ దగ్గర పెట్టుకో,” అన్నాను నేను. అవ్వను రిక్షా ఎక్కించాను.

లోపల బెంచీల నిండా తల్లులు, ఒళ్లో పిల్లలు. ఒకడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

“అంత పోరగాండ్లే ఉన్నరేందిరా?” అంది అవ్వ.

“నడక రాని పిల్లలవ్వా. కాళ్ల డాక్టర్ గద.”

“గా పోరడు కిటికీ ఎక్కుతుండు గదరా.”

“నయమైనోడు గావచ్చు.”

కంపౌండరు వచ్చి “పాప ఏది?” అన్నాడు. “ఎవలి పాప?” అంది అవ్వ. అతను నా వైపు చూశాడు, నేను గోడ మీది బొద్దు పిల్లల బొమ్మల వైపు చూశాను. అప్పటికి అర్థమైంది. కానీ అవ్వ లేచి రావడానికి ఒప్పుకోలేదు. ఇంత దూరం వచ్చినం, చూపించుకునే పోదాం అంది. డాక్టరు మంచివాడు. పగలబడి నవ్వాడు కానీ అవ్వ మడమ చేతిలోకి తీసుకుని చూశాడు, ఎవరి దగ్గరికి పోవాలో చెప్పి పంపాడు. గది ముందు రిక్షా దిగాక అవ్వ అంది, “ఇంత చదువు చదివి నన్ను తొట్టెలల్ల పండవెడితివి గదరా కొడుకా.”

స్నేహితుడు గోడకు ఒరిగి కూలబడి నవ్వాడు. బావ కదా, ఎంతైనా నవ్వొచ్చు. తర్వాత సుద్దముక్క తీసుకుని పాదం గుడిసె పక్కన ఇంకో గుడిసె గీసి, ‘పిల్లలు, వేరే గోత్రం’ అని రాశాడు. ఆ గది ఖాళీ చేసేదాకా అది అక్కడే ఉంది.

బ్యాంకు ఉద్యోగం ఇద్దరికీ రాలేదు. అతనికి చెల్పూర్ థర్మల్ ప్లాంటులో పని దొరికింది, భూపాలపల్లి పోయి కాపురం పెట్టాడు. నేను జనగామలోనే ఉండి ట్యూషన్లు మొదలుపెట్టాను. ఒకరి పెళ్లికి ఒకరం పోయాం. తర్వాత పండగకో ఫోను, కొన్నేళ్లకు అదీ లేదు.

మొదటి రోజుల్లో క్లాసులో ‘మేము’ అనే చెప్పేవాణ్ని. మేము ఇట్లా నేర్చుకున్నాం అని. పిల్లలు “మీరెట్ల కనిపెట్టిన్రు సార్?” అని అడిగేవాళ్లు. ఒకసారి ఆ ప్రశ్నను సరిదిద్దకుండా జవాబు చెప్పాను. మరుసటి ఏడాదికి ‘మేము’ పోయి ‘నేను’ వచ్చింది. డాక్టరు కథ కూడా మొదట నా మీదే చెప్పాను. ఆ రోజు ఒకతను పక్కవాడితో “సారుకే తెల్వది, మనకేం చెప్తడు” అనడం విన్నాను. ఆ తర్వాతి బ్యాచికి నా స్నేహితుడొకడు అన్నాను. ఎక్కడివాడు సార్ అన్నారు. తండా అన్నాను. ఆ మాటకు నవ్వు ఇంకొంచెం పెద్దగా వచ్చింది. ఎందుకు పెద్దగా వచ్చిందో నాకు తెలుసు. తెలిసే, ఆ తర్వాత ప్రతి బ్యాచికీ ఆ మాట కలిపాను.

ఈ మధ్య ఒక బ్యాచిలో మూడో వరసలో ఒక అమ్మాయి కూర్చునేది. మాట చెప్పీ చెప్పకముందే దాని గోత్రం చెప్పేది. నేను చెప్పని గుడిసెలు కూడా ఆమెకు తెలుసు. ఎక్కడో పుస్తకంలో చదివి ఉంటుందనుకున్నాను. డాక్టరు కథ చెప్పిన రోజు అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. కొన్ని రోజుల తర్వాత క్లాసు అయిపోయాక నా బల్ల దగ్గరికి వచ్చింది.

“సార్, మాది భూపాలపల్లి. మా నాయిన మీరు ఒక్క రూముల ఉన్నరట.”

నేను లేచి నిలబడ్డాను. “నువ్వు... ముందే చెప్పొద్దా బిడ్డా?”

“చెప్తే ఫీజు తీసుకోడు, చెప్పకు అన్నడు నాయిన. కొడకండ్ల కాడ మా మేనత్త ఇంట్ల ఉండి వస్తున్న.” ఆమె బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటోంది. “సార్, మాటల గోత్రాలు నేనే పెట్టిన అని మా నాయిన చిన్నప్పటి సంది చెప్తడు. పిల్లల డాక్టర్ కాడికి వాల్లవ్వను తీస్కపోయింది మీరని చెప్తడు. మొన్న ఫోన్ల అడిగిన. సార్ చెప్పిందే నిజం, నేను ఉత్తగ గొప్పలు చెప్పుకున్న బిడ్డా అన్నడు.” వేలికి చుట్టుకున్న పట్టీ వదిలేసింది. “మా నాయిన అబద్ధమాడడు సార్. అంటే, ఆడడు అనుకుంటున్న. ఏది నిజం సార్?”

నా ఎదురుగా నిలబడి తండ్రిని తిరిగి ఇమ్మని అడుగుతోంది. ఒక్క ముక్క చాలు. నేనేమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

“అప్పుడు అందరం కలిసి చదువుకున్నం బిడ్డా. ఎవలు ఏది చెప్పిన్రో, ఏది ఎవలకైందో, ఇన్నేండ్లకు ఎవలకు గుర్తుంటది?”

“సరే సార్,” అంది. మరునాటి నుంచి మూడో వరసలో ఆమె చోటు ఖాళీగా ఉంది.

ఆదివారం నేను భూపాలపల్లి బస్సు ఎక్కాను. పరకాల దాటాక దూరంగా చెల్పూర్ పొగగొట్టాలు కనబడ్డాయి. కండక్టర్ వచ్చి టికెట్ అడిగినప్పుడు నాకు ఆ పాత కండక్టరే గుర్తొచ్చాడు. నవ్వు రాలేదు.

తలుపు తీసింది అతనే. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, మిగతా మనిషి అదే మనిషి. “బావా!” అని నన్ను రెండు చేతులా పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. “ఫోన్ గుడ జెయ్యకుంట ఏందే? కోడి కోద్దుంటి గద.”

“నువ్వు బిడ్డకు అబద్ధం ఎందుకు చెప్పినవ్?” అన్నాను, కూర్చోకుండానే.

అతను లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించాడు. “మెల్లగ. ఇంట్లనే ఉన్నది. మనసు మంచిగ లేదని వచ్చింది.”

“ఎందుకు చెప్పినవ్?”

“ఏం జెయ్యాలె మరి? రేపు నీ ముంగట కూసోవాలె. సార్ మీద నమ్మకం లేకపోతే చదువెట్ల వస్తది? నాయిన మీద లేకున్న నడుస్తది.”

“నడువది,” అన్నాను.

“పోనీ బావా. ఎవలు పెడితే ఏంది? నలుగురికి పనికొస్తుంది గద.”

నేను అతని మాట వినకుండా అమ్మాయిని పిలిచాను. ఆమె వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. వెనక వాళ్లమ్మ కూడా. చెప్పాను. కాజీపేట ప్లాట్‌ఫారం, బియ్యం మూట, గోడ మీది తండా, అంతా మీ నాయినదే అన్నాను. డాక్టరు దగ్గరికి పోయింది మా అవ్వ, తీసుకుపోయింది నేను, అడిగి పొమ్మని మీ నాయిన చెప్పినా వినలేదు అన్నాను. మధ్యలో అతను రెండుసార్లు “జర ఊకో బావా” అన్నాడు.

అమ్మాయి నన్ను చూడలేదు, వాళ్ల నాయిననే చూస్తోంది. “మరి నాకెందుకు అట్ల చెప్పినవ్ నాయినా? ఆరోజు సంది నేను...” అని ఆగిపోయి వాళ్ల భాషలోకి మారింది. ఏమందో నాకు తెలియదు. అతను కూతురి తల మీద చెయ్యి వేశాడు. వాళ్లమ్మ ముఖం తిప్పుకుని వంటింట్లోకి పోయింది.

అన్నం తినేటప్పుడు అమ్మాయి అడిగింది. “సార్, నాకు చెప్పిన్రు, సరే. క్లాసుల అందరు నవ్విన్రు గద, తండా అని. వాల్లకెవలు చెప్తరు?”

“చెప్త బిడ్డా.”

“ఇంతకుముందు బ్యాచులోల్లకు?”

స్నేహితుడు “అన్నం తిననియ్యవే” అన్నాడు. ఆమె ప్రశ్న మాత్రం కంచం పక్కన అట్లాగే ఉంది. ఆ బ్యాచులవాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. కొందరు టీచర్లయ్యారు, బహుశా ఆ కథనే వాళ్ల పిల్లలకు చెబుతూ ఉంటారు. వాళ్లకు చెప్పడానికి నాకు ఈ కాగితం తప్ప దారి లేదు.

మరుసటి వారం ఆమె క్లాసుకు వచ్చింది. నేను బోర్డు ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వెనక వరస నుంచి ఒకతను, “అయితే సార్, మీరు కనిపెట్టిందేంది?” అన్నాడు. “ఏం లేదు,” అన్నాను. డాక్టరు కథ మళ్లీ నా నోటితో చెప్పబోతే, ఆ అమ్మాయి లేచింది.

“సార్, అది నేను చెప్పాల్నా? మా నాయిన మంచిగ చెప్తడు.”

సుద్దముక్క బల్ల మీద పెట్టి పక్కకు జరిగాను. ఆమె మా అవ్వ గొంతుతో మొదలుపెట్టింది. ఆమె పుట్టకముందే పోయిన మా అవ్వ, వాళ్ల నాయిన నోటి నుంచి ఆమె నోటికి వచ్చి, అదే విసుగుతో “గా పోరడు కిటికీ ఎక్కుతుండు గదరా” అంది. క్లాసు నవ్వింది. ‘తొట్టెలల్ల పండవెడితివి’ అనగానే బల్లలు చరిచారు. నేను కథ అయిపోయిందనుకున్నాను. నేనెప్పుడూ అక్కడే ఆపేవాణ్ని.

ఆమె ఆపలేదు. ఆ డాక్టరు పిల్లలందరికీ ఇచ్చినట్టే అవ్వ చేతిలోనూ ఒక చాక్లెట్ పెట్టాడట. అవ్వ దాన్ని నడుముకున్న సంచిలో దాచుకుని వచ్చిందట. ఇది నేను పూర్తిగా మరిచిపోయాను. ఆమె చెబుతుంటే అవ్వ వేళ్లు ఆ సంచి ముడి విప్పడం కళ్ల ముందుకు వచ్చింది. గదికి వచ్చాక నాకు ఇవ్వకుండా, అన్నం కుండ దగ్గర కూర్చున్న నా స్నేహితుణ్ని పిలిచిందట.

“ఇంద బిడ్డా, నువ్వు తిను,” అన్నదట మా అవ్వ. “అడిగి పొమ్మని చెప్పింది నువ్వే గద.”